డాక్టరమ్మ ఇంటెలిహెన్సియా సంబంధం

అగ్వాదాస్,
మంగళవారం

చిరంజీవి యోలిమాకు,

మేరీమాత నీకు నిద్రా ఆకలీ సమంగా ఇవ్వాలని కోరుకుంటూ నీ పెద్దమ్మ ఉబల్దీనా రాసేదేమంటే, ఇక్కడ అందరం క్షేమం, నా నడుము తప్ప.

ఫోను చెయ్యమంటావు. చేస్తే "సరే పెద్దమ్మా, అలాగే పెద్దమ్మా" అని రెండు ముక్కలని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. పైగా ఈ కొండ మీద మంచు దిగిందంటే ఫోనులో నీ గొంతు కుండలో దూరిన కోడి గొంతులా వినిపిస్తుంది. అందుకని ఈ ఉత్తరం మెడెలిన్ బస్సు నడిపే మన ఫెర్నే చేతికిచ్చి పంపుతున్నాను. దాంతో ఒక జున్నుముద్ద.

మొన్న మీ ఆసుపత్రిలో నన్ను నిలబెట్టి, పడుకోబెట్టి, గొట్టంలో దూర్చి ఫోటోలు తీశారే, వాటి సంగతి ఏమైంది? చిన్నప్పటి నుంచి ఇరాకా నారతో టోపీలు అల్లీ అల్లీ నా వెన్ను కూడా టోపీ అంచులా వంగిపోయింది. ఇప్పుడు నాకు మనుషులు కనబడరు, వాళ్ళ చెప్పులు కనబడతాయి. చెప్పుల్ని బట్టే పలకరింపులు. పోయిన ఆదివారం చర్చి మెట్ల దగ్గర మందుల కొట్టాయన బూట్లకి వంగి (వంగేదేముంది, ఉన్న వంపే) దణ్ణం పెట్టి, ఇంట్లోవాళ్ళ క్షేమం కూడా అడిగాను. తీరా చూస్తే ఆ పాత బూట్లు ఆయన ఎవరికో ఇచ్చేశాడట. వేసుకొచ్చినవాడు మన దొడ్లో కోళ్ళెత్తుకుపోయిన వెధవ.

మా అబ్బాయి అర్హెమీరో నిలబడి ఉండగా వాడి ముఖం చూసి ఏళ్ళయింది. నలభై దాటాడు, కాఫీ తోటే లోకం. పెళ్ళిమాటెత్తితే లేచి నిలబడతాడు. లేచి నిలబడితే నాకు వాడి మోకాళ్ళే కదా కనిపించేది. మోకాళ్ళతో ఎంతసేపని వాదిస్తాను?

దీవెనలతో,
నీ పెద్దమ్మ ఉబల్దీనా

తా.క. జున్ను సగమే అందితే ఫెర్నేని ఏమీ అనకు. దారిలో తినమని నేనే చెప్పాను. వాడికీ పెళ్ళి లేదు, వండిపెట్టే దిక్కు లేదు.


మెడెలిన్,
శుక్రవారం

మా పెద్దమ్మకు,

ఆపరేషన్ గదికీ క్యాంటీనుకీ మధ్య నిలబడి యోలిమా పెట్టే నమస్కారాలు. జున్ను ముప్పాతిక వంతు అందింది. ఫెర్నే మంచివాడు.

నీ ఫోటోలు డాక్టర్ తోబోన్ గారు చూశారు. వంపొక్కటే కాదట పెద్దమ్మా, కాళ్ళలోకి వెళ్ళే నరాలు నలిగిపోతున్నాయట. నీ కాళ్ళు మొద్దుబారుతున్నాయన్నావే, అది అందుకే. ఇలాగే వదిలేస్తే మంచం దిగలేని రోజు వస్తుందన్నారు. ఆపరేషన్ చేయించుకోవాలి. భయపడకు, ఆ గదిలో పనిముట్లు అందించేది నేనే.

ఇంకో ధైర్యం ఏమిటంటే, మా విభాగంలోకి ఇప్పుడు ఇంటెలిహెన్సియా ఆర్తిఫిసియాల్ వచ్చింది. అందరూ ఏఐ అంటున్నారు. రేడియోలో రోజూ మోగుతూనే ఉంది, నీకు తెలిసే ఉంటుంది. నీ ఫోటోలు డాక్టరుగారి కంటే ముందు చూసింది. ఎముక ఎముకనీ కొలిచింది. ఎక్కడ మరలు బిగించాలో, ఊచ ఎంత వంచాలో చెప్పింది. ఇలాంటి వెన్నులు లక్షల్లో చూసింది కాబట్టి డాక్టరుగారికి దాని మాట మీద గురి.

పిలుస్తున్నారు, ఉంటాను.
నీ యోలిమా

తా.క. మోకాళ్ళతో కూడా ఎక్కువ వాదించకు. అన్నయ్యని కాస్త వదిలెయ్యి.


అగ్వాదాస్,
సోమవారం

చిరంజీవి యోలిమాకు,

మేరీమాత నీకు మాట్లాడే పద్ధతి నేర్పాలని కోరుతూ పెద్దమ్మ దీవెనలు.

అంత చదువుకున్న పిల్లని పట్టుకుని "వచ్చింది, చూసింది, దాని మాట" అని రాస్తావేం? నీతో పనిచేసేదయితే మాత్రం డాక్టరమ్మ డాక్టరమ్మే. రేడియోలో ఆవిడ గురించి చెబుతారన్నావు. నేను రేడియోలో జపమాలా, చావు కబుర్లూ తప్ప వినను.

పేరు మాత్రం ఎంత బాగుంది. మన వీధిలో ప్రుదెన్సియా ఉంది, క్లెమెన్సియా ఉంది. ఒకామెకి వివేకమని పేరు, వివేకం లేదు. ఇంకొకామెకి దయ అని పేరు, కుక్కకి ముద్ద వెయ్యదు. కూతురికి బుద్ధి అని, ఇంటెలిహెన్సియా అని పేరు పెట్టి ఆ పేరు నిలబెట్టేలా పెంచినవాళ్ళని ఇప్పుడే వింటున్నాను. ఈ ఆర్తిఫిసియాల్ ఇంటిపేరు వాళ్ళు ఎక్కడివాళ్ళు? సోన్సోన్ వైపు ఆర్తెయాగాలు ఉన్నారు, వాళ్ళకేమైనా చుట్టమా? ఏఐ అన్నది ముద్దుపేరు కాబోలు.

అసలు సంగతికి వస్తాను. పెళ్ళయిందా ఆవిడకి? లక్షల వెన్నులు చూసిందంటే ఇల్లూ వాకిలీ పట్టకుండా పనిలో పడిపోయిన పిల్లే అయివుంటుంది. మా వాడూ అంతే. ఇద్దరూ పనిరాక్షసులైతే పోట్లాడుకోవడానికి తీరికుండదు. నా ఎముకల్ని ఒక్కొక్కటీ కొలిచినామె నాకు పరాయిదెలా అవుతుంది? నా కడుపున పుట్టినవాడే నన్నంత పట్టించుకోలేదు.

ఆవిడకి టోపీ అల్లుతాను. తల చుట్టుకొలత పంపు.

నీ పెద్దమ్మ

తా.క. అర్హెమీరోకి చెప్పాను. బుట్ట తీసుకుని తోటలోకి పోయాడు. ఎప్పుడూ విసుక్కునేవాడు ఈసారి విసుక్కోలేదంటే సగం ఒప్పుకున్నట్టే.


మెడెలిన్,
గురువారం

పెద్దమ్మా,

కంగారులో దణ్ణం పెట్టడం మరిచాను, ఇప్పుడు పెడుతున్నాను.

తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు. ఇంటెలిహెన్సియా మనిషి కాదు. దానికి తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టదు. దానికి ఒళ్ళే లేదు. అమ్మా నాన్నా లేరు. ఇంతమంది చెప్పిన పాఠాలు వినీ వినీ తెలివి తెచ్చుకుంది, అంతే. తల లేదు కాబట్టి టోపీ వద్దు. దయచేసి అన్నయ్యని ఇందులోకి లాగకు.

నీ యోలిమా

తా.క. మరోసారి రాస్తున్నాను. మనిషి కాదు.


అగ్వాదాస్,
ఆదివారం, పూజ అయ్యాక

చిరంజీవి యోలిమాకు,

మేరీమాత దీవెనలు, నావి కూడా.

నీ ఉత్తరం నేనొకసారి చదివి, ప్రుదెన్సియా చేత ఇంకోసారి చదివించుకున్నాను. మనిషి కాదు, దేవత అంటావు. పక్కన పనిచేసేవాళ్ళే అంత మాట అన్నారంటే ఇక విచారించేదేముంది? తిండి ధ్యాస లేదు, నిద్ర ధ్యాస లేదు, ఒళ్ళు లేదు. సన్నగా ఉంటే ఏమైంది, మొక్కజొన్న అరెపాలూ బీన్సూ నెల రోజులు పెడితే ఒళ్ళు అదే వస్తుంది. తల్లీ తండ్రీ లేని పిల్ల. అది చదివి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. పదిమంది దగ్గర పాఠాలు విని పైకొచ్చింది, పాపం. ఇక్కడికొస్తే తల్లిని నేను లేనూ?

నీ మాటలో ఒక్కటే నచ్చలేదు. తల లేదంటావా? తలపొగరు లేదని రాయబోయి ఉంటావు.

ఫాదర్ గారికి చెప్పాను. ఇంటిపేరు విని కాసేపు దగ్గారు. జలుబు చేసినట్టుంది. క్లెమెన్సియాకి కూడా చెప్పాను, అంటే ఊరికి చెప్పినట్టే. మెడెలిన్ డాక్టరమ్మ సంబంధం అనేసరికి ఆవిడ చెప్పులు రెండడుగులు వెనక్కి వేశాయి. ముఖం చూడలేకపోయానే అని బాధపడ్డాను. అందుకైనా ఆ ఆపరేషన్ చేయించుకుంటాను.

ఫోటో పంపు.

పెద్దమ్మ

తా.క. ఫెర్నేకి కూడా చెప్పాను. సంతోషిస్తాడనుకుంటే, పియోనోనో కేకు ముక్క పెట్టినా సగం వదిలేసి బస్సెక్కాడు. కడుపు చెడిందేమో, మీ ఆసుపత్రిలో చూపించు.


మెడెలిన్,
మంగళవారం

పెద్దమ్మా,

ఇక మాటలతో లాభం లేదు. ఫోటో పంపుతున్నాను. చక్రాల మీద బీరువాలాంటిది కనిపిస్తోందే, దానికి ఒక లోహపు చెయ్యి, పక్కన తెర, అదే ఇంటెలిహెన్సియా. యంత్రం. కంప్యూటర్. లక్షలమంది వెన్ను ఫోటోలు పెట్టి మనుషులు దానికి నేర్పారు. పక్కన నవ్వుతూ నిలబడ్డ ఆకుపచ్చ బట్టలావిడ గది శుభ్రం చేసే దోన్యా ఫాబియోలా. ఆవిడ అమ్మమ్మ అయింది, ఆవిణ్ణి అడగకు.

కరెంటు పోతే అది ఆగిపోతుంది. ఇంతకంటే తేటగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

యోలిమా


అగ్వాదాస్,
శనివారం

యోలిమాకు,

దీవెనలు తర్వాత. ముందు ఇది విను.

ఫోటో ఫెర్నే తెచ్చి ఇచ్చాడు. "ఫ్రిజ్ చూపించిందేమిట్రా, పిల్లేదీ?" అన్నాను. బస్సు స్టాండులో పదిమంది ఉన్నారు. వాడు నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి, నా ముఖం కనిపించేలా తను నేల మీద గొంతుక్కూర్చుని, "దోన్యా ఉబల్దీనా, పిల్ల లేదు. ఇదే" అని మెల్లగా చెప్పాడు. వాడు చెబితే గానీ నాకు ఎక్కలేదు. ఊరంతా ముందే తెలుసుకుని నవ్వుకుంటోందట. ఫాదర్ గారిది జలుబు కాదు.

ఇంటికొచ్చి అర్హెమీరోని అడిగాను, "నీకు తెలుసా?" అని. "తెలుసమ్మా" అన్నాడు. "మరెందుకు చెప్పలేదురా?" అంటే, "ఈ సంబంధం మాట నడిచినన్నాళ్ళూ నువ్వు వేరే సంబంధాలు చూడలేదు. ఇంత ప్రశాంతంగా ఉన్న రోజులు ఇంకెప్పుడూ లేవమ్మా" అన్నాడు. కొడుకన్న మాటేనా అది?

నవ్వులపాలైతే అయ్యాను. కానీ ఫ్రిజ్‌కి నా వెన్ను అప్పగించను. మా ఇంటి ఫ్రిజ్‌లో పెరుగే నిలవ ఉండదు. ఆపరేషన్ లేదు. నా కాళ్ళు ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు నడుస్తాను.

ఉబల్దీనా

తా.క. పెద్దమ్మ అని రాయలేదు, గమనించు.


మెడెలిన్,
ఆదివారం

మా పెద్దమ్మకు (నేను రాస్తాను),

అమ్మ పోయినప్పుడు నా జడ వేసింది నువ్వు. ఆ వేళ్ళే ఇప్పుడు నన్ను కొట్టాలని చూస్తుంటాయని తెలుసు. అయినా రాస్తున్నాను.

ఆ యంత్రం నిన్ను కొయ్యదు. కోసేది డాక్టర్ తోబోన్ గారు. అది కొలుస్తుంది, చూపిస్తుంది. దాని చెయ్యి వచ్చి "ఇక్కడ, ఇంత వాలుగా" అని ఆగుతుంది. మర తిప్పేది డాక్టరుగారి చెయ్యే. వద్దనిపిస్తే ఆయన ఆపేస్తారు. ఆపడం చాలాసార్లు చూశాను. నరాల పక్కన బియ్యపుగింజంత తేడా వస్తే కాలు పోతుంది, అందుకే ఆయన తన కంటితోపాటు దాని లెక్కా చూసుకుంటారు.

నీ వెన్నుని వీలైనంత నిటారుగా చెయ్యాలంటే ఏం చెయ్యాలని దాన్ని అడిగారు. కటి ఎముక నుంచి భుజాల దాకా ఊచలు వేసి బిగించమంది. అలా చేస్తే కొయ్యలా నిలబడతావు. కానీ ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది, నీ నోటితోనే జవాబు కావాలన్నారు. లేచాక నువ్వు ఏం చెయ్యాలనుకుంటున్నావు, పెద్దమ్మా?

నీ యోలిమా


అగ్వాదాస్,
బుధవారం

యోలిమాకు,

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఆయన కూడా.

రెండు పనులు చెయ్యాలి. ఒకటి, నా కొడుకు నిలబడి ఉండగా వాడి ముఖం చూడాలి. రెండు, టోపీ అల్లాలి. టోపీ అల్లడం నీకు తెలుసు. కొయ్యదిమ్మ మీద నార పరిచి, దాని మీదికి ఛాతీ ఆనించి, ముందుకి వాలితేనే వేళ్ళకి పట్టు. కొయ్యలా నిలబెడితే ముఖం కనిపిస్తుంది, టోపీ ఉండదు. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నాళ్ళు టోపీ ఉంటుంది, ముఖం ఉండదు. రెండూ కావాలంటే అత్యాశా? మీ ఫ్రిజ్‌ని అడుగు. కసిరితే జవాబు చెబుతుందో, బుజ్జగిస్తే చెబుతుందో నీకే తెలియాలి.

పెద్దమ్మ

తా.క. పెద్దమ్మ అని రాశాను. మురిసిపోకు, అలవాటులో పడింది.


మెడెలిన్,
శనివారం

మా పెద్దమ్మకు,

నీ ఉత్తరం డాక్టరుగారికి పూర్తిగా చదివి వినిపించాను. ఫ్రిజ్ అన్న మాట దగ్గర ఆయన ఆపి ఇంకోసారి చదవమన్నారు.

ఈసారి ప్రశ్న మార్చి అడిగారు. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కనిపించాలి, ముందుకి వాలి పని చేసుకోవాలి, ఎముకలు పాతవి, ఏం చేద్దామని. జవాబు మారింది. కింది సగం బిగించి, పైసగం వదిలెయ్యమంది. కొంచెం వంపు మిగులుతుంది. నిటారుగా కాదు, నీలాగా ఉంటావు. నీలాంటి ఎముకల్లో నిలువెల్లా బిగిస్తే మరలు వదులయ్యే ప్రమాదం కూడా ఎక్కువేనట. డాక్టరుగారూ ఇదే మంచిదన్నారు. నడుము దగ్గర వంగలేవు కానీ తుంటి దగ్గర వాలొచ్చు. దిమ్మ కాస్త ఎత్తు పెంచుకోవాలి.

రా పెద్దమ్మా. నీ పక్కనే ఉంటాను.

యోలిమా

తా.క. దాన్ని కసరలేదు, బుజ్జగించలేదు. టైపు చేశారు.


కాలీ,
గురువారం

మా పెద్దమ్మకు,

ఆపరేషన్ అయిన మర్నాడే నన్ను శిక్షణకని ఈ ఊరికి తోలారు. నిన్ను వదిలి వచ్చినందుకు ఇక్కడి చెరుకురసం కూడా చేదుగా ఉంది.

నువ్వు మత్తులో ఉన్నప్పటి సంగతొకటి చెప్పాలి. ఒకచోట యంత్రం చెయ్యి వచ్చి ఆగింది, ఇక్కడ మర అని. డాక్టరుగారు సన్నని కడ్డీతో తడిమి చూసి, "ఈ ఎముక తడిసిన అట్టముక్కలా ఉంది, వద్దు" అన్నారు. దాన్ని వదిలి పక్క ఎముకకి లెక్క మళ్ళీ వేయించారు. అది వేసింది, అలగలేదు. తర్వాత అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. నీ కాళ్ళ నరాల్లో చలనం తెర మీద కనిపించేసరికి నా మాస్కు తడిసిపోయింది.

ఎలా ఉన్నావు? ఇంటికి చేరావని తెలిసింది. అన్నయ్య ఫోనులో "బాగుంది, అమ్మే రాస్తుంది" అని పెట్టేశాడు. గొంతు ఏదోలా ఉంది. ఏం జరిగింది?

నీ యోలిమా


అగ్వాదాస్,
సోమవారం

చిరంజీవి యోలిమాకు,

మేరీమాత నిన్ను చల్లగా చూడాలి. నీ డాక్టరుగారి చేతుల్ని చూడాలి. ఆ ఫ్రిజ్‌ని కూడా చూడమని కొవ్వొత్తి వెలిగించాను. యంత్రానికి వెలిగించవచ్చా అని ఫాదర్ గారు అడిగితే, నాకు అది నడుము ఇచ్చింది, మీరు దగ్గు ఇచ్చారు అన్నాను.

నువ్వు వెళ్ళిన రోజు పొద్దున ఇద్దరు నర్సులు నన్ను లేపి నిలబెట్టారు. ఎదురుగా అర్హెమీరో నిలబడి ఉన్నాడు. ముందు బూట్లు చూశాను, అలవాటు కదా. మోకాళ్ళు, బెల్టు, చొక్కా బొత్తాలు, అలా పైకి వెళ్ళాను. ముఖం వచ్చింది. కనుబొమ్మలు నెరిశాయి, యోలిమా. మా నాన్న ముఖం దిగిపోయింది వాడిలో. నేను చూడని ఏళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. అంతేకాదు, మోకాళ్ళలో ఎప్పుడూ కనిపించనిది ఒకటి కనిపించింది. వాడు భయపడుతున్నాడు. నా కోసం కాదు. నన్ను చూసి.

మళ్ళీ పడుకోబెట్టాక అడిగాను, "ఏంట్రా నీ బాధ?" అని. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పాడు. తనకి ఏ సంబంధమూ వద్దట. తన మనిషి ఎప్పటి నుంచో ఉన్నాడట. ఉన్నాడు అన్నాడు, ఉంది అనలేదు. "ఎవరు?" అన్నాను. "ఫెర్నే" అన్నాడు.

గోడవైపు తిరిగిపోదామనుకున్నాను. నా జన్మలో కోపం వస్తే చేసే పని అదే. కానీ మీ వాళ్ళు నడుము మెలిపెట్టకూడదన్నారు కదా, పక్కకి తిరగాలంటే ఇద్దరు నర్సులొచ్చి దుంగలా దొర్లించాలి. గంట నొక్కాను. ఒకామే వచ్చింది. రెండో ఆమె భోజనానికి వెళ్ళిందట, ఆగమంది. ఏం చేస్తాను, కప్పు చూస్తూ పడుకున్నాను. తిరగలేని మనిషి వినక ఏం చేస్తుంది?

వాడు వెళ్ళిపోలేదు. నా మంచం పక్కనే కూర్చుని అన్నాడు. "అమ్మా, ముక్కూ మొహం తెలియని డాక్టరమ్మని కోడలనుకున్నావు. తిండి తినదన్నారు, సరే అన్నావు. ఒళ్ళు లేదన్నారు, సరే అన్నావు. చివరికి తల లేదన్నా, తలపొగరు లేదనుకుని సరే అన్నావు. ఫెర్నేకి అన్నీ ఉన్నాయమ్మా. నీ చేతి వంట తింటాడు. నిన్ను అందరి ముందూ నవ్వులపాలు కానివ్వలేదు."

 ఆ రోజు బస్సు స్టాండులో ఫెర్నే బెంచీ ముందు నేల మీద కూర్చున్న తీరు గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి నాతో మాట్లాడటానికి వంగి నేల మీద కూర్చున్నది ఫెర్నే ఒక్కడే. మిగతావాళ్ళంతా నా తల మీదుగా మాట్లాడి పోయేవాళ్ళు. నా కొడుకుతో సహా.

మనసు ఒక్క పూటలో మారిపోయిందని రాస్తే అబద్ధం. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో జపమాల తిప్పుతూ మేరీమాతతో గట్టిగా పోట్లాడుతున్నాను. ఆవిడ ఓపికగా వింటోంది.

కాసేపటికి రెండో నర్సు మూతి తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ నా కింద దుప్పటి రెండు పక్కలా పట్టుకున్నారు. "ఏ వైపు తిప్పమంటారు దోన్యా, గోడవైపా, ఇటువైపా?" అంది.

"మా వాడివైపు తిప్పండమ్మా" అన్నాను.

దీవెనలతో,
నీ పెద్దమ్మ ఉబల్దీనా

తా.క. వచ్చే ఆదివారం ఫెర్నే వాళ్ళమ్మ అబెహోరాల్ నుంచి భోజనానికి వస్తోంది. ఆవిడకీ నడుము పూర్తిగా వంగిపోయిందట, ఎవరినీ చెప్పులు చూసి తప్ప పోల్చుకోలేదట. మీ డాక్టరుగారికి చెప్పి ఒక రోజు ఖాళీ పెట్టించు. ఎవరావిడ అని అడిగితే, మా వియ్యపురాలని చెప్పు.